పెరట్లో గుండాకు

పచ్చయమ్మకు పొద్దున లేస్తే రెండు భయాలు. ఆకు ఇస్తే అత్త చచ్చిపోతుందేమోనని ఒకటి, ఇవ్వకపోతే చచ్చిపోతుందేమోనని ఇంకొకటి. ఈ రెండింటికీ నడుమ ఆమె చేతిలో ఉండేది నాలుగు ఆవగింజలు పట్టేంత గుంట ఉన్న ఒక బుల్లి ఎముక చెంచా. ఇరవై రెండేళ్ల పిల్ల, మగ్గం ఇంటి కోడలు, కండెలు చుట్టడం తప్ప వైద్యం గియ్యం తెలియని మనిషి. అలాంటిదాని చేతికి ఒక ప్రాణాన్ని అప్పగించి ఆ దేవుడు ఎక్కడికి పోయి కూర్చున్నాడో మరి!

అత్త పేరు రాజాంబాళ్. గుడియాత్తం సాలెవీధిలో ఆమె గొంతు తెలియనివాళ్లు లేరు. నలభై ఏళ్లు మొగుడి మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టింది. మొగుడు పోయాక కొడుకు వరదప్ప మగ్గం గుంటలోకి దిగాడు. ఆమె మాత్రం కండెల దగ్గరే ఉండిపోయింది. పచ్చయమ్మ తల్లిలేని పిల్ల. కాపురానికి వచ్చిన రోజే ఆమె తలకు నూనె పెడుతూ, "నాకు కూతురు లేదు, నీకు అమ్మ లేదు. ఇంకేమి, సరిపోయింది పో" అన్నది రాజాంబాళ్. ఈ లోకంలో పచ్చయమ్మకు అమ్మ అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క మనిషే.

మద్రాసు మీద సముద్రంలోంచి జర్మనీ ఓడ గుండ్లు పడిన సంవత్సరం ఆ మనిషి కాళ్లు ఉబ్బాయి. పాదాలతో మొదలై పిక్కలకు, పిక్కల నుంచి పొట్టకు నీరెక్కింది. పడుకుంటే ఊపిరి అందదు. మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చునే కునుకు తీసేది. ఊళ్లో ఉన్న కషాయాలన్నీ అయ్యాక వరదప్ప అమ్మను బండిలో దిండ్లకు ఆనించి వేలూరుకు తీసుకుపోయాడు. అక్కడ పచ్చయమ్మ నాయన చిన్నస్వామి ఉన్నాడు. తొరపాడిలో ఇల్లు, ఒక డాక్టరమ్మ బంగళాలో తోటపని. డాక్టరమ్మ తెల్లదొరసాని అయినా అరవం గడగడా మాట్లాడేది. రోగి ఎవరైనా సరే ముందు నవ్వించి ఆ తర్వాతే నాలుక చూసేది. రాజాంబాళ్‌కు సీసాలోంచి చుక్కలు లెక్కపెట్టి ఇచ్చింది. పదిరోజుల్లో నీరు దిగిపోయింది. గుండె అలిసిపోయిందనీ, బతికినన్నాళ్లూ ఈ మందు పుచ్చుకోవాలనీ చెప్పి పంపింది.

బతికినన్నాళ్లూ అంటే మాటలా! యుద్ధం ముదిరింది, ఓడలు రావడం తగ్గింది. ఏడాది తిరిగేసరికి సీసా అడుగంటింది. వేలూరులో వెతికినా లేదు, మద్రాసుకు రాసినా లేదు. పచ్చయమ్మ నాయన దగ్గరికి పరుగెత్తుకుపోయి బంగళా మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. డాక్టరమ్మ ఆమెను వంటింటి వెనక్కి తీసుకుపోయి తడిక పందిరి కింద ఒక మడి చూపించింది. ఆకులు నేలకు అంటుకుని గుండ్రంగా పరచుకుని ఉన్నాయి. మెత్తగా, నూగుతో, ముడతలు ముడతలుగా. నీలగిరి నుంచి తెప్పించిన విత్తనాలట. సీసాలో ఉన్న మందు ఈ ఆకులోదేనట. దీన్ని ఫాక్స్‌గ్లోవ్ అంటారని చెప్పింది.

చిన్నస్వామికి ఆ పేరు రెండేళ్లుగా నోరు తిరగలేదు. "గుండెకు పనికొచ్చే ఆకు గదా, గుండాకు అందాంలే అమ్మణ్ణీ" అన్నాడు కూతురితో. "చల్లని దేశపు చెట్టు ఇది. పువ్వు పూసేదాకా ఈ ఎండకు తాళదు. నేనూ చూస్తానే ఉండా, ఇంతదాకా ఒక్క పువ్వూ లేదు. ఆకు మటుకు ఇస్తాది."

కాగితం పొట్లంలో విత్తనాలు చూసి పచ్చయమ్మ బిత్తరపోయింది. "ఇయ్యి విత్తనాలా నాయనా? ముక్కుపొడి మాదిరి ఉండాయే!"

డాక్టరమ్మకు నవ్వు రాలేదు. ఆమె ఆ నెలలోనే గాయపడిన సిపాయిలకు వైద్యం చేయడానికి బొంబాయి పోతున్నది. వేరే దారి ఉంటే ఈ పని నీకు చెప్పేదాన్ని కాదు అన్నది. ఆకు తక్కువైతే మీ అత్తకు నీరెక్కుతుంది. ఎక్కువైతే గుండె నిదానించి, నిదానించి, ఒక రోజు ఆగిపోతుంది. అందుకని రోజూ పొద్దున చెయ్యి పట్టి నాడి చూడాలి, గడియారం పెట్టుకుని లెక్కపెట్టాలి. మీ ఇంట్లో గడియారం ఉందా?

గడియారమా! సాలెవీధి మొత్తానికి లేదు.

పోనీ, మీ ఇంట్లో ఒకే తీరుగా కొట్టుకునేది ఏదైనా ఉందా అని అడిగింది డాక్టరమ్మ. పచ్చయమ్మ ఆలోచించకుండానే, "మగ్గం ఉండాదమ్మా" అన్నది.

బొంబాయికి పోయేముందు ఆ తల్లి పనిగట్టుకుని రైలెక్కి గుడియాత్తం వచ్చింది. గడియారం చేత్తో పట్టుకుని వరదప్ప మగ్గం పక్కన నిలబడింది. నిమిషానికి అరవై దెబ్బలు. మళ్లీ చూసింది, అరవై. పొద్దున నేసినా మాపటికి నేసినా అరవైకి ఒకటి అటో ఇటో. ఎదురింటి మునియప్పన్ మగ్గం కూడా అదే తీరున, రెండూ ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లా నడుస్తుంటే ఆమె పకపకా నవ్వింది. ఆ తర్వాత కొలతకు ఒక ఎముక చెంచా, పెరట్లో మొక్కలు అందేదాకా సరిపడా ఆకుపొడి ఇచ్చి, పచ్చయమ్మ భుజం పట్టుకుని ఒకటికి మూడుసార్లు చెప్పింది. మగ్గం పది దెబ్బలు కొట్టేలోపల నాడి కూడా పదిసార్లు కొట్టుకోవాలి. ముందుకు పోతే ఫరవాలేదు. మగ్గం కన్నా వెనకబడితే మాత్రం ఆ రోజు ఆకు ఇవ్వకు. అంత నిదానించిన గుండెతో ఉన్న మనిషిని మంచం మీద లేపి కూర్చోబెట్టను కూడా వద్దు.

ఆశ్వయుజంలో వానలు తగ్గగానే పచ్చయమ్మ పెరట్లో మడి కట్టింది. ఏటి ఇసుక, మాగిన పేడ, పొయ్యి బూడిద. నాయన చెప్పినట్టు విత్తనాలను మట్టిలో కప్పకుండా పైపైన చల్లింది. నీళ్లు పోస్తే కొట్టుకుపోతాయని తడిబట్టను పిండుతూ చుక్క చుక్కగా తడిపింది. పైన కొబ్బరాకుల పందిరి వేసింది. మొలిచినవాటిలో పదకొండు మొక్కలు నిలిచాయి. అవి అరచేయంత ఆకులు వేసిన రోజు సంతోషపడాల్సింది పోయి ఆమెకు వణుకు పుట్టింది. అంత విషాన్ని చేతులారా పెంచి పెద్దచేసింది మరి.

అది విషమని డాక్టరమ్మ నోటిమాటగానే తెలుసు అంతవరకు. ఒకరోజు మునియప్పన్ మేకపిల్ల కంచె కింద దూరి రెండు మూడు ఆకులు కొరికింది. మధ్యాహ్నానికి దాని కాళ్లు తడబడ్డాయి, నోట నురగ వచ్చింది, పొద్దు వాలకముందే పోయింది. పాము ముట్టిందేమో అనుకున్నాడు మునియప్పన్. పచ్చయమ్మ నోరు విప్పలేదు. ఆ రోజే కంచె చుట్టూ రేగుముళ్లు కుక్కి, సున్నం బొట్లు పెట్టిన పాత కుండ ఒకటి తగిలించి, ఇవి అమ్మవారికి మొక్కుకున్న చెట్లు, ముట్టుకుంటే కళ్లు పోతాయని వీధంతా చెప్పింది. అంత అబద్ధం ఆమె పుట్టి బుద్ధెరిగాక ఆడలేదు. అత్తకు ఆకు ఇచ్చే వేళకు ఎవరి కంటా పడకూడదని వీధి తలుపు కూడా మూసి గడియ పెట్టడం మొదలుపెట్టింది.

ఆకు నీడలో ఎండబెట్టి, నలిపి, గుడ్డలో జల్లించి సీసాలో పోసింది. రోజూ పొద్దున వరదప్ప గుంటలోకి దిగి నేత మొదలుపెట్టగానే పక్కనే మంచం మీదున్న అత్త ఎడమ చెయ్యి పట్టుకుని కూర్చునేది. కుడిచేతి వేళ్లకు నాడి తగులుతుంటే ఎడమచేతి చూపుడువేలు మోకాలి మీద దానికి సరిగా తాటించేది. చెవి మగ్గం మీద. వేలు పది, మగ్గం పది. సరిపోతే చెంచా, తేనె, ఆకుపొడి.

పుష్యమాసంలో ఒకరోజు వేలు ఎనిమిది దగ్గరే ఉండగా మగ్గం పదికి వచ్చేసింది.

"వెనకబడింది" అన్నది పచ్చయమ్మ.

ఆ రోజు ఆకు ఆపింది. రెండోరోజుకు నాడి సరిపోయింది, కానీ మేకపిల్ల నోట్లో నురగ కళ్లకు కడుతుంటే చెంచా పట్టడానికి చెయ్యి రాలేదు. ఇంకొక్క రోజు చూద్దాం, ఇంకొక్క రోజు చూద్దాం అంటూ ఆరు రోజులు గడిపేసింది. అదే ఆమె చేసిన తప్పు. ఆరోరోజుకు రాజాంబాళ్ కాళ్లు కుండల్లా ఉబ్బి, గొంతులో గురగుర మొదలైంది. ఊపిరి కోసం మంచం పట్టె పట్టుకుని గుడ్లు తేలేసింది. వరదప్ప అమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని పసిపిల్లవాడిలా ఏడ్చాడు. మళ్లీ ఆకు పడ్డాక నాలుగు రోజులకు గాని మనిషి తేరుకోలేదు.

ఆ తర్వాత మటుకు ఏ చీకూ చింతా లేకుండా గడిచింది. వరదప్ప రోజూ గుంటలోంచి, "సరిపోయిందా?" అని అడిగేవాడు. "సరిపోయింది" అనేది పచ్చయమ్మ. వేలు పది, మగ్గం పది. ఒక్కరోజైనా ముందుకు గాని వెనక్కి గాని పోలేదు. వీధిలో ఈ ఒక్క ఇంట్లోనే మగ్గం ఆడుతుండేది. రంగులన్నీ జర్మనీ నుంచి వచ్చేవట, యుద్ధంతో అవీ ఆగిపోయి, రంగు లుంగీలు నేసే మునియప్పన్ లాంటివాళ్లు మగ్గాలకు గుడ్డ కప్పి కూర్చున్నారు. వరదప్పది తెల్లపంచెల నేత గనుక నడిచింది. పంచె దిగడానికి మునుపటికన్నా ఎక్కువ పొద్దు పడుతున్నదని పచ్చయమ్మ గమనించకపోలేదు. ఎండలు ముదురుతున్నాయి, మనిషి అలిసిపోతున్నాడు పాపం అనుకున్నది. రాజాంబాళ్ తిండి తగ్గిస్తే అదీ ఎండే అనుకున్నది. అన్నిటికీ ఎండ ఒకటి దొరికింది!

ఫాల్గుణం చివర ఒక పొద్దున నాడి చూసే వేళకు ముందు రాజాంబాళ్ మగ్గం మీది పంచెను చూస్తూ పడుకుని ఉంది. ఉన్నట్టుండి, "ఏం నాయనా, పసుపు రంగు నూలు యాడ దొరికింది నీకు? ఊర్లో ఎవరికీ రంగు లేదంటిరే" అన్నది.

వరదప్ప నవ్వాడు. "పసుపు యాడుంది మా? తెల్లపంచె గదా ఇది."

"అట్లనా" అని రాజాంబాళ్ కళ్లు మూసుకున్నది.

పచ్చయమ్మ నవ్వలేదు. నలభై ఏళ్లు నూలు చేత్తో ముట్టుకున్న మనిషి తెలుపును పసుపు అంటుందా? పంచెలో వేలితో తడిమి దారం నంబరు చెప్పగల మనిషి! పచ్చయమ్మకు ఏదో భయం పట్టుకుంది. మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. గుంటలో మగ్గం మొదలైంది. వేలు పది, మగ్గం పది. మళ్లీ పెట్టింది. పది, పది. సరిపోయిందే! మరి ఈ భయమెందుకు? డాక్టరమ్మ చెప్పిన కొలత తప్పదు గదా అని తనకు తానే చెప్పుకుంటూ చెంచాలో పొడి తీసి, తేనెలో కలిపి, అత్త పెదవుల దాకా తెచ్చింది. రాజాంబాళ్ నోరు తెరిచింది.

అప్పుడే వీధి తలుపు దబదబా బాదారు. వరదప్ప నేత ఆపి, గుంటలోంచి లేచి గడియ తీశాడు. మునియప్పన్. చేతిలో ఒక నూలు చిలప. "ఏమప్పా వరదా, నాకూ తెల్లనూలు దొరికింది! రంగుకోసరం ఇంకెంతకాలం కూర్చునేది చెప్పు? పడుగు నిన్ననే ఎక్కించేసినా. ఇదో మొదలుపెడతా ఉండా!" అంటూ ఎంత సంబరంగా వచ్చాడో అంత సంబరంగా పోయాడు. తలుపు తెరిచే ఉంది. వరదప్ప గుంటలోకి దిగి మళ్లీ నేత అందుకున్నాడు.

కాసేపటికి ఎదురింట్లో మగ్గం మోగింది.

పచ్చయమ్మ చెంచా అట్లాగే గాల్లో పట్టుకుని విన్నది. రెండు మగ్గాలూ కలవడం లేదు. ఎదురింటి మగ్గం తోసుకుపోతున్నది, తమ మగ్గం వెనక ఈడ్చుకుంటూ వస్తున్నది. అటు పది అయ్యేసరికి ఇటు ఆరే. రెండూ ఒకే కాడి ఎద్దుల్లా నడిచేవని గదా డాక్టరమ్మ నవ్వింది! మునియప్పన్ చేతికి ఒక్కసారిగా అంత జోరు ఎక్కడిది? ఎక్కడిదీ కాదు. అతనిది మునుపటి నేతే.

చెంచా చేతిలోంచి జారి నేలమీద పడింది.

ఆమె లేచి మగ్గం దగ్గరికి పోయి పంచె మీద చెయ్యి వేసి ఆపింది. "ఇదో, నా మొగం చూసి చెప్పు. ఎన్నాళ్లుగా నిదానంగా కొడతా ఉండావు?"

వరదప్ప తలెత్తలేదు. ఎవరైనా అడుగుతారని ఎదురుచూస్తున్నవాడిలా ఒళ్లంతా ముడుచుకున్నాడు.

"అడిగితే చెప్పవేమి? దేవుడా! ఎన్నాళ్లు?"

"తై నెల నుంచి, సంక్రాంతి అయినప్పటినుంచి" అన్నాడు చివరికి. "నువ్వు మోకాలి మీద వేలు కొడతావు గదా. అది ఈడికి కనబడతాది. నీ వేలు చూసి కొడతా ఉంటి. ఇప్పుడు చెయ్యికి అదే అలవాటైపోయింది." మంచం వైపు చూశాడు. "నువ్వు వెనకబడింది అన్నప్పుడు నాకు ప్రాణం పోయినట్టయింది పచ్చా. ఆ ఆరు దినాలు అమ్మ ఊపిరికి కొట్టుకునింది చూసినావు గదా. ఇంకొకతూరి ఆకు ఆపితే బతకదనుకుంటి. రవ్వంత నిదానంగా కొడితే అమ్మ అందుకుంటాది గదా అని... అమ్మ వెనకబడకూడదని..."

"అయ్యో పాపిష్టివాడా! నువ్వు నిదానించినకొద్దీ నేను ఆకు పోస్తా ఉంటిని! గుండె నిలిచిపోయేదాకా పోసుంటాను గదయ్యా నీ మగ్గాన్ని నమ్మి!"

ఆ మాట అతనికి ఇప్పుడు తలకెక్కింది. పాపం, ఆకు ఆగితే వచ్చే చావును కళ్లారా చూశాడు గాని ఎక్కువైతే వచ్చే చావును చూడలేదు. గుంటలోంచి ఒక్క గెంతున పైకి వచ్చి, మూలనున్న గడ్డపార తీసుకుని పెరట్లోకి పరుగెత్తాడు. కంచె పీకి పడేసి మొదటి మొక్కను వేళ్లతో సహా పెళ్లగించాడు. రెండోదాని మీద గడ్డపార ఎత్తేసరికి పచ్చయమ్మ మడి నడుమ నిలబడింది. ముళ్లు గుచ్చుకుని పాదాల నుంచి నెత్తురు కారుతున్నది.

"పీకేయ్! అన్నీ పీకేయ్! రేపు నీరెక్కినపుడు ఏమిస్తావు మీ అమ్మకు? మట్టి పెడతావా?"

గడ్డపార అతని చేతిలోంచి జారింది. మడిగట్టు మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆమె మాత్రం ఓదార్చలేదు. ఓదార్చడానికి ఆమె దగ్గరే ధైర్యం లేదు.

"లెయ్. వచ్చి సరిగా కొట్టు. యాడుందో చూడాల గుండె."

వరదప్ప గుంటలో కూర్చున్నాడు. కొట్టాడు, ఆగాడు, మళ్లీ కొట్టాడు. ఒకసారి మరీ తొందర, ఒకసారి మరీ నిదానం. తెరిచిన తలుపులోంచి ఎదురింటి మగ్గం వినబడుతున్నా దాన్ని అందుకోలేకపోతున్నాడు. "నా చెయ్యి నాకే తెలీడంలేదు పచ్చా. పాతది యాడికి పోయిందో!"

అప్పుడు మంచం మీద టక్ టక్‌మని చప్పుడైంది. రాజాంబాళ్ కుడిచేతి వేళ్లతో మంచం పట్టె మీద కొడుతున్నది. కళ్లు మూసే ఉన్నాయి. ఆ చప్పుడు మునియప్పన్ మగ్గంతో ఒక్క దెబ్బ తప్పకుండా కలిసిపోయింది.

"ఇది మీ నాయన కొట్టు. పట్టుకో అప్పా" అన్నది కొడుకుతో.

పచ్చయమ్మ మంచం దగ్గరికి వచ్చింది. "అత్తా, నీకు తెలుసునా?" అన్నది.

"తెలీకేమి? నలభై ఏండ్లు ఆ పక్కన కూర్చున్నదాన్ని. వాడు నిదానించిన మొదటి దినమే తెలిసింది." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నా కోసరం భయపడి చేస్తా ఉండాడు. చెప్తే బిడ్డ మనసు విరిగిపోదా? వాడి కోసరం మింగినాను."

"కడుపులో తిప్పలేదా? వాంతులు కాలేదా?"

"అయినాయి. నువ్వు నీళ్లకు పోయినప్పుడు."

"అమ్మా!" అని వరదప్ప అరిచిన అరుపుకు ఎదురింటి మగ్గం కూడా ఒక్క క్షణం ఆగింది.

"ఊరికే ఉండప్పా. నీళ్లెక్కి ఊపిరాడక చచ్చేదానికన్నా ఇది మేలనుకుంటి. తెల్లది పసుపైనాక భయం పుట్టింది. అందుకే అడిగినా నీ పంచె సంగతి." ఆ పెద్ద నోరున్న మనిషి గొంతు అంత చిన్నదైపోవడం పచ్చయమ్మ అంతకుముందు వినలేదు.

వరదప్ప అమ్మ వేళ్లు చూస్తూ మెల్లగా మగ్గం అందుకున్నాడు. పచ్చయమ్మ అత్త రెండో చెయ్యి పట్టుకుంది. తల్లి ఒక చేత్తో నిజమైన దెబ్బ కొడుతున్నది, రెండో చేతిలో ఆమె నాడి దానికి అందకుండా ఎక్కడో వెనక నడుస్తున్నది. పదికి ఆరు. నడుమ ఒక్కోసారి అసలు తగలనే లేదు.

వేలూరుకు తీసుకుపోదామన్నాడు వరదప్ప. లేపి కూర్చోబెట్టవద్దన్న డాక్టరమ్మ మాట గుర్తు చేసింది పచ్చయమ్మ. బండి కుదుపులకు దారిలోనే పోతుంది. చేయగలిగింది ఒక్కటే, ఆకు ఆపి కదలకుండా కాపలా కాయడం. ఇద్దరూ కాచారు. రెండోరోజు పదికి అయిదు. వరదప్ప గుంటలో కూర్చుని ఏడుస్తూనే నేశాడు. ఆగడానికి లేదు, ఉన్న గడియారం అతనే. ఆ వారం దిగిన పంచెలో కన్నీళ్లు ఎన్ని పడ్డాయో ఎవరు కట్టుకున్నారో గాని. మూడోరోజు అయిదే. నాలుగోరోజు ఏడు. అయిదోరోజు రాజాంబాళ్ గంజి అడిగి తాగి, నిలుపుకున్నది. ఆరోరోజు గోడ సున్నం తెల్లగానే ఉందన్నది.

ఏడోరోజు పొద్దున పదికి పది.

పచ్చయమ్మ నమ్మలేదు. మళ్లీ పట్టింది. పది. గుమ్మం దాకా పోయి మునియప్పన్ మగ్గాన్ని విని, ఆ దెబ్బ వేలితో కొట్టుకుంటూనే వెనక్కి వచ్చి మళ్లీ పట్టింది. పది. అప్పుడు భోరుమని ఏడ్చింది.

"ఏమైంది? పచ్చా, ఏమైంది?" వరదప్ప గుంటలోంచి లేవబోయాడు.

"లెయ్యద్దు! కొట్టు! సరిపోయింది, కొట్టు!"

కళ్లు తుడుచుకుని అలవాటు కొద్దీ అత్త చీలమండ మీద బొటనవేలు నొక్కింది. వేలు తీశాక అక్కడ గుంట పడి అట్లాగే నిలిచింది. నీరు మళ్లీ మొదలైంది. ఏడుపు కూడా పూర్తిగా ఏడవనివ్వలేదు ఆ రోగం.

"నీరు వచ్చిందా?" అన్నది రాజాంబాళ్.

"రవ్వంత."

"అయితే తీసుకురా."

చెంచాలో సగమే తీసింది పచ్చయమ్మ. తేనె కలిపింది. తీసుకొచ్చి ఎదుట నిలబడితే రాజాంబాళ్ ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఒక మాట విను. ఇంకమీద నా చెయ్యి పట్టేముందు వాడి చెయ్యి పట్టుకో. ఇన్నాళ్లూ నన్నొకదాన్నే చూసినావు నువ్వు."

పచ్చయమ్మ చెంచా గూట్లో పెట్టి మగ్గం దగ్గరికి పోయింది. గుంట ఒడ్డున కూర్చుని మొగుడి చెయ్యి అందుకుంది. అతను సిగ్గుపడి లాక్కోబోయాడు, ఆమె వదల్లేదు. ఎదురింటి మగ్గం ఒక దెబ్బ కొట్టేలోపల అతని నాడి రెండు కొట్టుకుంటున్నది.

"ఇంత భయమా!" అన్నది.

"దినామూ ఇంతే" అన్నాడు తలెత్తకుండా.

"నాకూ అంతే" అన్నది పచ్చయమ్మ. పెళ్లయిన అయిదేళ్లలో వాళ్లిద్దరూ ఆ మాట ఒకరికొకరు చెప్పుకోవడం అదే మొదటిసారి. అతని నాడి కొంచెం నిదానించేదాకా అక్కడే కూర్చుని, ఆ తర్వాత లేచి వచ్చి అత్తకు ఆకు ఇచ్చింది.

ఆ రోజు నుంచి అత్త నాడి చూసేటప్పుడు పచ్చయమ్మ మగ్గానికి వీపు తిప్పి కూర్చునేది. వీధి తలుపు మాత్రం బార్లా తెరిచి పెట్టేది.